శాన్ మార్టిన్ దె తోర్‌లో రెండు రాత్రులు: లాదిన్ పల్లె ఆతిథ్యం

ఇటలీ ఉత్తరపు కొసన, దక్షిణ టిరోల్‌లోని బదీయా లోయకు వెళ్ళేవారిలో ఎక్కువమంది పైభాగాన ఉన్న కోర్వారా వంటి పేరుమోసిన స్కీయింగ్ ఊళ్ళకే చేరుకుంటారు. మేము మాత్రం దారి మధ్యలోనే, సుమారు పదిహేడు వందల జనాభా గల శాన్ మార్టిన్ దె తోర్‌లో ఆగి, ఆ పంచాయతీకి చెందిన లుంజారూ గ్రామంలో ఒక రైతు ఇంట రెండు రాత్రులు గడిపాము. మ్యూనిక్‌లో ఉంటున్న మాకు బ్రెన్నర్ కనుమ మీదుగా బ్రునికో వరకు రైలు, అక్కడి నుంచి బస్సు సులువుగానే దొరికాయి. ఆల్ప్స్ పర్వతాలలో ఇంతకుముందు చాలా చోట్ల బస చేశాము కాని, ఒక ఊరు తన భాషలో బతుకుతూ ఉండగా దగ్గరగా చూడగలగడం ఇదే మొదటిసారి.

ఆ భాష పేరు లాదిన్. లాటిన్ నుంచి పుట్టి, డోలమైట్ పర్వతాల నడుమ ఐదు లోయలలో నిలిచిన ఈ భాషను మాట్లాడేవారు మొత్తం మీద ముప్పై వేల మంది మాత్రమే. మొదటి ప్రపంచ యుద్ధం తరువాత ఈ ప్రాంతం ఇటలీ చేతికి వచ్చింది. ఫాసిస్టుల కాలంలో ఆ ఐదు లోయలను బోల్జానో, ట్రెంటో, బెల్లూనో అనే మూడు జిల్లాలకు పంచివేయగా, ఆ విభజన నేటికీ అలాగే ఉంది. అయినా 2011 జనగణనలో శాన్ మార్టిన్ వాసులలో నూటికి తొంభై ఆరు మందికి పైగా తమది లాదిన్ వర్గమని ప్రకటించుకున్నారు. ఊరి పేరు పలకల మీద లాదిన్, జర్మన్, ఇటాలియన్ మూడూ కనిపిస్తాయి. బడిలో పాఠాలు సగం జర్మన్‌లో, సగం ఇటాలియన్‌లో సాగుతాయి, లాదిన్‌ను వారానికి కొన్ని గంటలు విడిగా నేర్పుతారు. బస్సులో మా వెనుక కూర్చున్న పిల్లలు కొట్లాడుకున్నది మాత్రం అచ్చంగా లాదిన్‌లోనే. ఇంట్లో తెలుగులో అడిగితే జర్మన్‌లో జవాబు చెప్పే పిల్లలున్న మాకు ఆ కొట్లాట ఎంత ముచ్చటగా అనిపించిందో చెప్పలేను.

ముందుగా చూడవలసినది ఊరి పైన ఉన్న చాస్టెల్ దె తోర్ కోట. పదమూడో శతాబ్దం నుంచి బ్రిక్సెన్ బిషప్పుల తరఫున న్యాయాధికారులు కొలువుదీరిన ఈ కోటలో 2001 నుంచి లాదిన్ మ్యూజియం నడుస్తోంది. కొండల పుట్టుక, తవ్వకాలలో దొరికిన కంచుయుగపు వస్తువులు, భాష, చేతిపనులు, పర్యాటకం, అన్నీ ఒక వరుసలో చూపిస్తారు. తొందర లేకుండా చూడాలంటే రెండు గంటలైనా పడుతుంది. గెర్దైనా లోయవారు చెక్కిన కొయ్యబొమ్మల దగ్గర, కొండపల్లి బొమ్మలతో ఆడుకుని పెరిగిన నా భార్య చాలాసేపు నిలబడిపోయింది. ఈ ఊరిలోనే ఉన్న లాదిన్ భాషా సంస్థను 1976లో స్థాపించి మికురా దె రూ అనే మతగురువు పేరు పెట్టారు. ఆ మతగురువు 1833లో లాదిన్‌కు వ్యాకరణం రాసి, లోయలన్నిటికీ ఒకే రాతభాష కావాలని తలపోశారు. ఆ రాతప్రతి అచ్చయినది 1995లో. పుస్తకం నూట అరవై ఏళ్ళకు పైగా ఎదురుచూసింది, అంతకాలమూ భాష మాత్రం ఇళ్ళలో నిలిచే ఉంది.

ఇక బస సంగతి. ఏటవాలు మీద నాలుగైదు రైతు ఇళ్ళు ఒకదానికొకటి ఆనుకుని ఉండే గుంపును ఇక్కడ వీల అంటారు. మేమున్న ఇల్లు అటువంటి వీలలోనిదే: కింద రాతిగోడ, పైన కొయ్య, పశువులకూ గడ్డికీ పక్కనే వేరుగా కొట్టం. ఇంటికి గుండెకాయ స్తూవ అనే గది. నేల నుంచి కప్పు దాకా దేవదారు జాతి పలకలు తాపడం చేసి, మూలన పెద్ద పొయ్యి కట్టి ఉన్న ఆ గదిలోకి అడుగుపెట్టగానే కొయ్య వాసన మెత్తగా ముక్కుకు తగులుతుంది.

రెండు లోపాలు చెప్పక తప్పదు. బస్‌స్టాప్ దగ్గరలోనే ఉందని రాసి ఉండగా, పెట్టెలు మోసుకుంటూ నలభై నిమిషాలు ఎగువకు నడిచాము. మాంసం తినమని ముందే తెలియజేసినా, మొదటి రాత్రి వడ్డించిన పనీచా అనే బార్లీ సూపులో పొగబెట్టిన పందిమాంసం ముక్కలు వచ్చాయి. ఇంటావిడ నొచ్చుకుని గిన్నె వెనక్కు తీసుకువెళ్ళింది. మరునాడు మా కోసం వేరే కుండలో, కూరగాయలతోనే వండింది. అయినా ఆ మొదటి రాత్రి సగం ఆకలితో పడుకున్న మాట నిజం.

రెండో రాత్రి భోజనం ఆ లోటును తీర్చింది. పలుచగా ఒత్తిన రెండు పిండి రేకుల మధ్య పాలకూర కూరి, అంచులు నొక్కి, నూనెలో పొంగేలా వేయించిన తూత్రెస్ మన పూరీకి దగ్గరి చుట్టమే, కాకపోతే కడుపు నిండుగా ఉన్న పూరీ. తరువాత వచ్చిన కాజించీ అర్ధచంద్రాకారంలో ఉండటం చూసి, పేరు కూడా విని, కజ్జికాయలనుకుని నవ్వుకున్నాము. లోపల ఆకుకూర, పైన కరిగిన వెన్న, తురిమిన చీజ్. చివరగా పిండిని గరాటులోంచి వేడి నూనెలోకి చుట్లుగా వదిలి చేసిన ఫుర్తాయెస్‌ను పుల్లని పండ్ల జామ్‌తో పెట్టారు. పాకంలో వేయని జాంగ్రీ అంటే సరిపోతుంది.

పగలు నడవవలసిన దారి సేరెస్, మిషీ అనే వీలల మధ్య ఉన్న నీటిమరల లోయ. పాత నీటిమరలు ఎనిమిది, ఒకే సెలయేటి వెంట ఒకదాని కింద ఒకటి నిలిచి ఉన్నాయి. మానును తొలిచిన దోనెలలోంచి నీరు చక్రం మీద పడి, కిందికి జారి, తరువాతి మర దోనెలోకి చేరుతుంది. మన తాటిదోనెలు చూసినవారికి ఆ అమరిక వెంటనే అర్థమవుతుంది. ఈ వాలుల మీద పండిన రై, బార్లీ గింజలు ఒకప్పుడు ఇక్కడే పిండి అయ్యేవి.

వెళ్ళేవారు జర్మన్ గాని ఇటాలియన్ గాని కొంత తెలిసి ఉంటే మేలు. అయితే ఇంటి ముంగిట "బున్ దే" అని పలకరించి, భోజనం అయ్యాక "జులాన్" అని కృతజ్ఞత చెప్పి చూడండి. ఆ రెండు మాటలకే మా ఇంటి ముసలావిడ పొయ్యి దగ్గర తన చోటు మాకిచ్చి, వేలితో చూపుతూ రొట్టెకు, నీళ్ళకు, మంచుకు తమ మాటలు చెప్పడం మొదలుపెట్టింది. మ్యూజియం సీజన్‌ను బట్టి తెరుస్తారు కనుక వేళలు ముందే చూసుకోవాలి. వచ్చే వేసవిలో అమ్మను కూడా తీసుకువెళ్ళాలనుకుంటున్నాము. ఆమె మోకాళ్ళు ఆ ఎగువ దారిని ఓర్చవు కనుక, ఈసారి కోట దిగువన, బస్సు దిగగానే కనిపించే చోట గది తీసుకుంటాము.