రోజూ నడిపే కారుకి డ్రాగ్ టైర్లు: ఏది మేలు?

మస్టాంగ్ జీటీ లాంటి వీ8 కారు కొన్నాక చాలామంది ముందు ఎగ్జాస్ట్ మారుస్తారు, ఆ తర్వాత ఇంటేక్, ఆ తర్వాత ట్యూన్. అందులో సగం డబ్బు వెనక టైర్ల మీద పెట్టినా డ్రాగ్ స్ట్రిప్‌లో, అంటే పావు మైలు (1,320 అడుగుల) తిన్నటి పందెం ట్రాక్‌లో, అంతకంటే ఎక్కువ లాభం కనిపిస్తుంది. ఇంజన్ ఎంత బలం పుట్టించినా అది నేలకి చేరాల్సింది ఆ రెండు టైర్ల కింది రబ్బరు ద్వారానే. మొదటి 60 అడుగుల్లో సెకనులో పదో వంతు తగ్గితే, 1,320 అడుగుల చివరికి అది సుమారు ఒకటిన్నర నుంచి రెండు పదో వంతులు అవుతుంది.

నేను ఇక్కడ చెప్పేది డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లానో, ఇర్వింగ్ వైపు ఉంటూ, అదే కారులో ఎన్నిస్ దాకా వెళ్ళి, అక్కడి డ్రాగ్ స్ట్రిప్ టెక్సస్ మోటర్‌ప్లెక్స్‌లో నాలుగు పరుగులు తీసి, అదే కారులో ఇంటికొచ్చే మనవాళ్ళ కోసం. ట్రైలర్ మీద కారు తెచ్చేవాళ్ళ లెక్క వేరు. 1986లో బిల్లీ మేయర్ కట్టించిన ఆ స్ట్రిప్ పావు మైలు పొడవునా కాంక్రీటే. ఎడ్డీ హిల్ 1988లో టాప్ ఫ్యూయల్ (డ్రాగ్ రేసింగ్‌లో అన్నిటికంటే వేగమైన తరగతి) కారుతో 4.990 సెకన్లు తీసి, 5 సెకన్ల గీతని మొదటిసారి దాటింది అక్కడే. స్టార్టింగ్ లైన్ దగ్గర జిగురు మందు కొట్టి, దాని మీద రబ్బరు పొరలు పట్టించి ఉంచుతారు. అంత పట్టున్న నేల మీద కూడా కారుతో వచ్చిన టైర్లు గిర్రున తిరిగిపోతుంటే ఎవరికైనా టైర్ల మీదికే మనసు పోతుంది.

అయితే పక్క లేన్‌లో ఉన్నవాడి టైమ్ స్లిప్ (పరుగు సమయాలు అచ్చేసి ఇచ్చే చీటీ) చూసి వాడి టైర్లే కొనడం సరైన పద్ధతి కాదు. మీ కారుది ఏ గేర్‌బాక్స్, ఇంటికి వెళ్ళే దారి ఎలాంటిది అన్నవి ముందు చూడాలి. నా మటుకు ఈ రెండే సగం నిర్ణయం చేసేస్తాయి.

కారుతో వచ్చిన సమ్మర్ టైర్ల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. మలుపుల్లో గట్టిగా నిలబడాలని వాటి సైడ్‌వాల్ (టైర్ పక్క గోడ) పొట్టిగా, బిర్రుగా చేస్తారు. లాంచ్‌కి, అంటే నిలబడ్డ చోటు నుంచి ఒక్కసారిగా దూకడానికి, కావాల్సింది దానికి సరిగ్గా వ్యతిరేకం. స్ట్రిప్‌కి కొత్తగా వెళ్ళేవాళ్ళు మాత్రం మొదటి ఒకటి రెండు సాయంత్రాలు వీటితోనే నడపడం మంచిది. స్టేజింగ్ (స్టార్టింగ్ లైన్ మీద కారుని సరిగ్గా నిలపడం), లైట్లు, థ్రాటిల్ ఎలా ఎక్కించాలో చేతికి వస్తుంది, దేనికీ దెబ్బ తగలదు.

అసలు పోటీ డ్రాగ్ రేడియల్‌కీ, స్లిక్‌కీ మధ్య.

డ్రాగ్ రేడియల్ అంటే మెత్తని రబ్బరుతో, తక్కువ గాళ్ళతో చేసిన రేడియల్ టైర్. దాని మీద డీఓటీ (అమెరికా రవాణా శాఖ) ముద్ర ఉంటుంది కాబట్టి రోడ్డు మీద నడపొచ్చు. ఇందులోనూ రెండు రకాలు. మిక్కీ థాంప్సన్ ఈటీ స్ట్రీట్ ఎస్‌ఎస్, నిట్టో ఎన్‌టీ555ఆర్ లాంటివి గాళ్ళు ఎక్కువగా ఉండి రోడ్డుకి కాస్త దగ్గరగా ఉంటాయి. ఈటీ స్ట్రీట్ ఆర్ లాంటివి స్లిక్‌కి నాలుగు గాళ్ళు పెట్టినట్టు ఉంటాయి, ముద్ర ఉన్నా వాటి మనసంతా స్ట్రిప్ మీదే. 2018 డాడ్జ్ డెమన్ నిట్టో ఎన్‌టీ05ఆర్ టైర్లతో ఫ్యాక్టరీ నుంచే బయటికొచ్చింది. డ్రాగ్ రేడియల్స్‌తో కంపెనీయే అమ్మిన మొదటి కారు అది.

స్లిక్‌కి గాళ్ళే ఉండవు, రోడ్డు మీద నడపడం చట్టప్రకారం కుదరదు. రోజూ నడిపే కార్లకి స్ట్రిప్‌లో వేసే స్లిక్స్ ఎక్కువగా బయాస్ టైర్లు. లోపలి దారాలు రేడియల్‌లో అడ్డంగా, తిన్నగా సాగితే, బయాస్‌లో ఏటవాలుగా ఒకదాని మీద ఒకటి దాటుతూ పోతాయి. దానివల్ల లాంచ్‌లో సైడ్‌వాల్ ముడతలు పడి, క్లచ్ వదిలినప్పుడు వచ్చే కుదుపుని తనలోకి తీసుకుని, తర్వాత మెల్లగా విడుదల చేస్తుంది.

ఇక్కడే గేర్‌బాక్స్ మాట వస్తుంది. ఆటోమేటిక్ కారులో టార్క్ కన్వర్టర్ (క్లచ్ బదులు నూనె ద్వారా బలాన్ని అందించే భాగం) ఆ కుదుపుని ముందే మెత్తబరుస్తుంది, కాబట్టి రేడియల్ చక్కగా కుదురుతుంది. పైగా రేడియల్ తేలికగా దొర్లుతుంది, చివర్లో మైళ్ళ వేగం కాస్త ఎక్కువే చూపిస్తుంది, కారు తిన్నగా పోతుంది. మాన్యువల్‌లో క్లచ్ ఒక్కసారి పట్టుకున్నప్పుడు రేడియల్ అంతగా ముడుచుకోదు. అప్పుడు రెండే జరుగుతాయి: టైర్ గిర్రున తిరగడం, లేదా పట్టు దొరికి ఆ దెబ్బంతా ఇరుసుల మీద పడటం. రేడియల్ ఒకసారి జారిందంటే థ్రాటిల్ తగ్గించినా మళ్ళీ పట్టుకోవడం కష్టం. బయాస్ కాస్త జారినా తేరుకుంటుంది. అందుకే మాన్యువల్‌తో గట్టిగా లాంచ్ చేసేవాళ్ళకి నేను బయాస్ టైర్లే చెప్తాను.

2015 నుంచి మస్టాంగ్‌లన్నిటికీ వెనక ఇండిపెండెంట్ సస్పెన్షన్ (ఏ చక్రానికది విడిగా కదిలేది) వచ్చింది. పట్టున్న టైర్ వేశాక చక్రాలు దడదడా ఎగిరే వీల్ హాప్ మొదలైతే హాఫ్ షాఫ్ట్ (చక్రానికి బలం అందించే ఇరుసు) విరగడానికి ఎంతో సేపు పట్టదు. అలా ఎగరడం మొదలైన క్షణమే కాలు తీసేయండి. ఆ పరుగు పోయినా ఇబ్బంది లేదు.

బయాస్‌కి ఒక పెద్ద లోపం ఉంది, దాన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. ముందు రేడియల్స్, వెనక బయాస్ వేస్తే వేగం పెరిగేకొద్దీ కారు వెనక భాగం అటూ ఇటూ ఊగుతుంది. స్ట్రిప్ చివర 110 మైళ్ళ వేగంలో అది తెలుస్తుంది. డీఓటీ ముద్ర ఉన్న బయాస్ టైర్లూ దొరుకుతాయి గానీ, ఐ-45 హైవే మీద ట్రక్కుల మధ్య ఆ ఊపుతో రావాలని నేను ఎవరికీ చెప్పను. వాటిని రిమ్ములతో సహా డిక్కీలోనో స్నేహితుడి ట్రక్కులోనో తీసుకెళ్ళి, అక్కడ మార్చుకోవాలి. జాకీ, టార్క్ రెంచ్ వెంట ఉండాలి.

సైజు విషయంలో ఒక్క లెక్క చాలు. 275/40 ఆర్ 19 టైర్ వ్యాసం దాదాపు 703 మిల్లీమీటర్లు, సైడ్‌వాల్ ఎత్తు 110. 305/45 ఆర్ 17 వ్యాసం దాదాపు 706, సైడ్‌వాల్ 137. అంటే స్పీడోమీటర్, గేరింగ్ దాదాపు మారవు, ముడుచుకునే రబ్బరు మాత్రం అంగుళం పైన పెరుగుతుంది. 17 అంగుళాల రిమ్ము మీ బ్రేకులకి తగలకుండా పడుతుందో లేదో కొనే ముందే చూసుకోండి. సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే సైడ్‌వాల్ మీద డీఓటీ కోడ్‌లోని చివరి నాలుగు అంకెలు చదవండి. 2321 అంటే 2021లో 23వ వారం తయారీ. గాళ్ళు నిండుగా ఉన్నా, పాతబడి గట్టిపడిన డ్రాగ్ రేడియల్ వల్ల ఉపయోగం లేదు.

ఇక వేడి చేయడం. టైర్ కొనేటప్పుడు వారాలు ఆలోచించినవాళ్ళు కూడా ఇక్కడ తొందరపడి ఆ డబ్బంతా పొగలో కలిపేస్తారు. బర్నౌట్, అంటే పరుగుకి ముందు కారుని నిలిపి వెనక చక్రాలని గిర్రున తిప్పడం, చూసేవాళ్ళ సరదా కోసం కాదు. టైర్‌కి అంటుకున్న ఇసుక, చిన్న రాళ్ళు పోవాలి, పై పొర జిగటగా తయారవ్వాలి. అంతవరకే. దోసె పెనం మీద నీళ్ళు చిలకరించి చూస్తాం కదా, వేడి చాలకపోతే దోసె అతుక్కుపోతుంది, ఎక్కువైతే మాడుతుంది. టైర్‌కి కూడా ఆ మధ్య వేడే కావాలి.

కారుతో వచ్చిన సమ్మర్ టైర్లకి బర్నౌట్ అసలు వద్దు. బర్నౌట్ కోసం స్టార్టింగ్ లైన్‌కి వెనక ఉంచే నీళ్ళ గుంట పక్కనుంచి వెళ్ళి, పొడి నేల మీద ఒకట్రెండు సెకన్లు చక్రం తిప్పి మట్టి దులిపితే చాలు. ఎక్కువ తిప్పితే రబ్బరులోని నూనెలు పైకొచ్చి ఇంకా జారుతుంది. డ్రాగ్ రేడియల్‌కి పల్చటి పొగ తెరలా లేచేదాకా, అంతే. ఆ తర్వాత ఒక్కో సెకనూ పట్టుని తగ్గిస్తుంది. బయాస్ స్లిక్‌కి ఇంకాస్త కావాలి: పొగ చిక్కగా వచ్చి, టైర్ నేలని పట్టుకుని కారుని ముందుకు లాగబోతున్నట్టు సీటులో తెలియాలి.

గాళ్ళున్న టైర్లతో నీళ్ళ గుంటలోంచి నేరుగా వెళ్ళకండి. గాళ్ళలో, ఫెండర్ లోపల నిలిచిన నీళ్ళు స్టార్టింగ్ లైన్ దాకా కారుతూ వస్తాయి. అది మీకూ, మీ వెనక వచ్చేవాడికీ ప్రమాదమే. పక్కనుంచి చుట్టి వెళ్ళి, వెనక్కి వచ్చి, తడి అంచు మీద వెనక చక్రాలు ఆనించండి. స్లిక్ అయితే నీళ్ళలోంచి వెళ్ళినా ఫర్వాలేదు, కానీ తిప్పాల్సింది లోతు దాటాకే.

చక్రాలు జారకుండా ఇంజన్‌ని తగ్గించే ట్రాక్షన్ కంట్రోల్ పూర్తిగా ఆపాలి. 2015 తర్వాతి మస్టాంగ్ జీటీలో లైన్ లాక్ కారుతోనే వస్తుంది. అది ముందు బ్రేకులు మాత్రమే పట్టి ఉంచి, వెనక చక్రాలని వదిలేస్తుంది. అది లేని కారులో కాలితో బ్రేకు నొక్కి తిప్పితే వెనక బ్రేకులు కూడా కాలిపోతాయి, కాబట్టి ఇంకా తక్కువసేపు చేయాలి. మొదటి గేర్‌లో మొదలుపెట్టి వెంటనే రెండోది వేయండి. చక్రం వేగంగా తిరిగితే టైర్ మధ్య భాగం, అంచులు సమంగా వేడెక్కుతాయి. పొగ రాగానే లైన్ లాక్ వదిలి, చక్రాలు తిరుగుతుండగానే మెల్లగా ముందుకు రావాలి. లోపలే బ్రేకు కొట్టి ఆపితే ఆ తడి మీదే నిలబడిపోతారు. స్టార్టింగ్ లైన్ దాటి తిప్పకండి. అక్కణ్ణుంచి ఆలస్యం చేయకుండా స్టేజ్‌లోకి వెళ్ళాలి, ఎందుకంటే ఎక్కిన వేడి పై పొరలోనే ఉంటుంది, త్వరగా దిగిపోతుంది. జులైలో మధ్యాహ్నం ట్రాక్ మండిపోతున్నప్పుడు తిప్పే సమయం తగ్గించాలి. నవంబర్ రాత్రుల్లో కాస్త పెంచాలి.

గాలి ఒత్తిడి బర్నౌట్ కంటే తక్కువ విషయమేమీ కాదు. మస్టాంగ్ బరువుకి డ్రాగ్ రేడియల్‌ని 18 నుంచి 20 పీఎస్‌ఐ దగ్గర మొదలుపెట్టి, ఒక్కో పరుగుకి ఒక్కోటి మార్చి చూడండి. స్లిక్‌కి 12 నుంచి 15. ఎంత తగ్గిస్తే అంత పట్టు అనుకోవడం తప్పు. రేడియల్‌లో గాలి మరీ తగ్గితే మధ్య భాగం లోపలికి కుంగి, అంచులే నేలకి ఆనుతాయి. బర్నౌట్ తర్వాత నేల మీద పడ్డ నల్లటి గుర్తు చూడమని స్నేహితుడికి చెప్పండి. అంచులు నల్లగా, మధ్య పల్చగా ఉంటే గాలి పెంచాలి. రిమ్ముకీ టైర్‌కీ కలిపి ఒక సుద్ద గీత గీస్తే, లాంచ్‌లో రిమ్ము టైర్ లోపల జారిందో లేదో కూడా తెలిసిపోతుంది.

మరి ఏది కొనాలి? ఆటోమేటిక్ కారు, ఇంటికి అవే టైర్ల మీద రావాలి అంటే గాళ్ళు ఎక్కువున్న డ్రాగ్ రేడియల్. మనవాళ్ళలో ఎక్కువమందికి సరిపోయేది ఇదే, నేను నిస్సంకోచంగా చెప్తాను. ఆటోమేటిక్, వేరే రిమ్ముల సెట్ పెట్టుకోగలరు అంటే ఈటీ స్ట్రీట్ ఆర్ రకం రేడియల్. మాన్యువల్, 5,000 ఆర్‌పీఎం దగ్గర క్లచ్ వదలాలన్న పట్టుదల ఉంటే వేరే రిమ్ముల మీద బయాస్ స్లిక్. మాన్యువల్‌తో మెత్తగా క్లచ్ వదలడానికి మీరు సిద్ధమైతే మొదటి రకం రేడియల్ కూడా చాలు. టైమ్ కాస్త పోతుంది, ఇరుసులు మిగులుతాయి.

రేడియల్స్ మీదే ఇంటికి వచ్చేవాళ్ళు బయల్దేరే ముందు చిన్న కంప్రెసర్‌తో గాలి మళ్ళీ 30 పీఎస్‌ఐకి దగ్గరగా నింపుకోవాలి. 18 మీద హైవే ఎక్కితే టైర్ లోపల వేడెక్కి పాడవుతుంది. దారిలో వాన పడితే కుడి లేన్‌లోకి వచ్చి బాగా నెమ్మదించండి, రోడ్డు మీద నీళ్ళు నిలిస్తే ఎగ్జిట్ తీసుకుని ఏదైనా గ్యాస్ స్టేషన్‌లో ఆగిపోండి. ఆ కొద్ది గాళ్ళు నిలిచిన నీటిని పక్కకి నెట్టలేవు.