సెకండ్ లైఫ్: చెవి మిషన్ పెట్టుకునేవాడి సమీక్ష

సెకండ్ లైఫ్ గురించి తెలుగులో రాసేవాళ్ళు తక్కువ. రాసినా ఎప్పుడో మూతబడ్డ వింత గురించి చెప్పినట్టే రాస్తారు. అది మూతబడలేదు. నేను 2008లో చేరాను, మధ్యలో కొన్నాళ్ళు మానేసినా ఇప్పటికీ వాడుతున్నాను. అమెరికాలోని లిండెన్ ల్యాబ్ అనే కంపెనీ 2003లో తెరిచిన త్రీడీ లోకం ఇది. చాలామంది ఆట అంటారు గానీ ఇందులో గెలవడానికి ఏమీ లేదు. అవతార్ అనే బొమ్మ రూపంలో తిరుగుతాం, మనుషుల్ని కలుస్తాం, కావాలంటే ఏదైనా కడతాం. కనిపించే ఊళ్ళు, దీవులు, క్లాసురూములు దాదాపు అన్నీ వాడేవాళ్ళు కట్టుకున్నవే.

నాకు చిన్నప్పటి నుంచి రెండు చెవులూ సరిగ్గా వినపడవు. మిషన్ పెట్టుకుని పెదాలు కూడా చూస్తుంటే, ఎదురుగా ఉన్న ఒక్క మనిషి మాట చాలావరకు అందుతుంది. ముగ్గురు చేరారంటే ఇక నా పని నవ్వుతూ తలూపడమే. పెళ్ళిళ్ళలో, ఆఫీసు మీటింగుల్లో అదే చేస్తుంటాను. కాబట్టి ఈ సమీక్షలో గ్రాఫిక్స్, బట్టలు, డాన్సు క్లబ్బుల గురించి పెద్దగా ఉండదు. వినపడని మనిషికి ఈ లోకం ఎంతవరకు పనికొస్తుందన్నదే నా లెక్క.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. నన్ను లోపలికి రానిచ్చింది త్రీడీ కాదు, స్క్రీన్ కింద ఉండే చాట్ పెట్టె. మాటలు ఆ పెట్టెలో నడుస్తున్నంత సేపు ఇంతకన్నా మంచి చోటు నాకు దొరకలేదు. దాన్ని పక్కనపెట్టి అందరూ మైకులు పట్టుకుంటే మాత్రం ఇది నాకు ఇంకో పెళ్ళి పందిరే.

చాట్ పని చేసే తీరు చూడండి. మామూలుగా టైప్ చేస్తే చుట్టూ 20 మీటర్లలో ఉన్నవాళ్ళకు కనిపిస్తుంది. గట్టిగా అరిచినట్టు పంపితే 100 మీటర్ల దాకా, గుసగుసగా పంపితే 10 మీటర్ల వరకే. అంటే ఎవరికి దగ్గరగా నిలబడితే వాళ్ళ మాటే అందుతుంది, నిజం గదిలో లాగే. ఇంకొకటి ఉంది. ఎవరైనా టైప్ చేయడం మొదలుపెట్టగానే వాళ్ళ బొమ్మ చేతులు ఎత్తి గాల్లో కీబోర్డు కొడుతున్నట్టు ఆడిస్తుంది. చాలామందికి ఇది చిరాకు, సెట్టింగుల్లోకి వెళ్ళి ఆపేస్తారు. నాకు మాత్రం మొత్తం సెకండ్ లైఫ్‌లో అన్నిటికంటే విలువైనది అదే. నిజం గదిలో మాట్లాడుతున్నది ఎవరో వెతుక్కునేసరికి సగం వాక్యం అయిపోతుంది. ఇక్కడ మాట రాకముందే ఎటు చూడాలో తెలుస్తుంది. మెసేజింగ్ గ్రూపుల్లోనూ అక్షరాలే కదా అంటారు. నిజమే, కానీ ఎవరు ఎవరి వైపు తిరిగి అన్నారో, ఎవరు లేచి వెళ్ళిపోయారో అక్కడ కనిపించదు.

పైగా చాట్ అంతా మన కంప్యూటర్లో ఫైలుగా దాచుకోవచ్చు. నేను డిగ్రీ దాకా తెలుగు మీడియం. ఇంగ్లిష్ గ్రామర్ పుస్తకాల్లో దొరికింది గానీ మనుషులు మామూలుగా ఎలా మాట్లాడుకుంటారో వినే దారి నాకు లేదు. రాత్రి జరిగిన కబుర్ల ఫైలు పొద్దున్నే తెరిచి చదువుకోవడం, అందులో అర్థం కాని జోకు ఏదో మర్నాడు అడగడం, ఇదే నా స్పోకెన్ ఇంగ్లిష్ కోచింగ్. పైసా ఫీజు లేదు.

చదువు కోసం కట్టిన చోట్లలో నాకు బాగా గుర్తున్నవి మూడు. టెక్సాస్ వెస్లియన్ యూనివర్సిటీలో జీవశాస్త్రం చెప్పిన మేరీ ఆన్ క్లార్క్ కట్టిన జీనోమ్ ఐలాండ్ ఒకటి. అందులో మెండెల్ మఠం, బఠానీ తోట ఉండేవి. పదో తరగతిలో బట్టీ పట్టిన 3:1 నిష్పత్తి ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడ మొక్కల మధ్య తిరిగాకే నాకు ఎక్కింది. వివరణలన్నీ నోట్‌కార్డుల్లో, అంటే నొక్కితే తెరుచుకునే చీటీల్లో, రాసి పెట్టడం వల్ల నాకు ఏ లోటూ రాలేదు. రెండోది అమెరికా వాతావరణ, సముద్ర పరిశోధన సంస్థ నోవా కట్టిన దీవి. అక్కడ సునామీ చూపించేవారు. ముందు సముద్రం వెనక్కి పోతుంది, తర్వాత గోడలా వచ్చి ఒడ్డు మీద ఇళ్ళను ముంచేస్తుంది. మాది కాకినాడ. 2004 డిసెంబరు 26న మన కోస్తాలోనూ ఆ అల ప్రాణాలు తీసింది కాబట్టి ఆ ఒడ్డున చాలాసేపే నిలబడ్డాను. సముద్రం వెనక్కి పోతే గవ్వలు ఏరుకోవడానికి దిగకూడదని ఏ పాఠం చెప్పినా ఇంత బలంగా తలకెక్కదు.

మూడోది కొంచెం విచిత్రం. కాలిఫోర్నియా యూనివర్సిటీ డేవిస్ క్యాంపస్‌కు చెందిన సైకియాట్రిస్టు పీటర్ యెల్లోలీస్ బృందం, స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్ళ భ్రమలు ఎలా ఉంటాయో తెలియజెప్పడానికి ఒక ఆస్పత్రి వార్డు కట్టింది. నడుస్తుంటే కాళ్ళ కింద నేల మాయమై మబ్బుల మీద రాళ్ళు మిగిలేవి, గోడ మీది పోస్టర్లో మాటలు బూతులుగా మారేవి. కానీ అసలు అనుభవమంతా మనల్ని తిట్టే గొంతుల్లో ఉండేది. అవి నాకు వినపడలేదు. జనం వణికిపోయి బయటకు వచ్చేచోట నేను తాపీగా తిరిగి వచ్చేశాను. జబ్బును అర్థం చేయించడానికి అంత శ్రద్ధగా కట్టినవాళ్ళకు కూడా, చూసేవాడికి వినపడకపోవచ్చన్న ఆలోచన వచ్చినట్టు లేదు.

ఇక వాయిస్, అంటే టైప్ చేయకుండా మైకులో మాట్లాడే సౌకర్యం సంగతి. 2007లో దీన్ని తెచ్చినప్పుడే వినికిడి లోపం ఉన్నవాళ్ళు అభ్యంతరం చెప్పారు. అప్పటిదాకా అందరూ టైప్ చేసేవారు కాబట్టి ఎవరికి వినపడదో ఎవరికీ తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. వాయిస్ రాగానే గదిలో రెండు గుంపులయ్యాయి. మైకులో మాట్లాడేవాళ్ళ తల మీద పచ్చటి తరంగాలు కదులుతాయి. అంటే ఎవరు మాట్లాడుతున్నారో నాకు కనిపిస్తుంది, ఏం మాట్లాడుతున్నారో మాత్రం తెలియదు. నిజజీవితంలో నా బాధ ఏదో దాన్నే రంగుల్లో గీసి ఇచ్చినట్టుంది. ఒకసారి ఒక విదేశీ కాలేజీ వాళ్ళు పెట్టిన ఉపన్యాసానికి, అదీ అందరికీ చదువు అనే విషయం మీద, వెళ్ళాను. అక్షరాల్లో కూడా ఇస్తారా అని చాట్‌లో అడిగితే, అయిపోయాక స్లయిడ్లు పంపుతామన్నారు. గంటసేపు పచ్చ తరంగాలు చూశాను. స్లయిడ్లు రాలేదు.

దీనికి పూర్తిగా ఎదురు తీరు వర్చువల్ ఎబిలిటీ అనే స్వచ్ఛంద సంస్థది. రకరకాల వైకల్యాలు ఉన్నవాళ్ళ కోసం పనిచేస్తుంది. వాళ్ళ సభల్లో మైకులో పలికే మాటను కొందరు అక్కడికక్కడే టైప్ చేస్తారు. చాట్‌లో వచ్చిన మాటను చూపు లేనివాళ్ళ కోసం ఇంకొకరు పైకి చదువుతారు. దాంతో సభ నిదానంగా నడుస్తుంది, ఒక్కో ప్రశ్నకు చాలాసేపు ఆగాల్సి వస్తుంది. హడావిడి మనుషులకు నచ్చదు. వికలాంగుల హక్కుల మీద ఏటా వాళ్ళు పెట్టే సదస్సులో నేను ఒక ప్రశ్న అడిగి, జవాబు పూర్తిగా అందుకుని, దాని మీద మళ్ళీ అనుబంధ ప్రశ్న వేయగలిగాను. మామూలు చెవులున్నవాళ్ళకు ఇందులో గొప్పేముందో అర్థం కాకపోవచ్చు.

సంజ్ఞా భాష పెట్టొచ్చు కదా అని కొందరు అడుగుతారు. 2016లో బెంటో అనే మార్పు వచ్చాక బొమ్మల వేళ్ళకు, ముఖానికి కదిలే ఎముకలు వచ్చాయి. అయినా ముందే తయారుచేసి పెట్టుకున్న కదలికలే ఆడతాయి. అప్పటికప్పుడు చేతులతో మాట్లాడుకోవాలంటే వీడియో కాల్ మేలు.

తెలుగువాళ్ళు చాలా తక్కువ. టెక్సాస్‌లో ఉండే ఒక అక్క పరిచయమైంది. ఇంగ్లిష్ అక్షరాల్లోనే తెలుగు రాసుకునేవాళ్ళం, ఎందుకంటే నేను వాడిన వ్యూయర్లలో (సెకండ్ లైఫ్‌లోకి వెళ్ళడానికి కంప్యూటర్లో వేసుకునే సాఫ్ట్‌వేర్లలో) తెలుగు లిపి పెడితే ఒత్తులు, గుణింతాలు విడిపోయి చదవడానికి రావు. ఇన్నేళ్ళయినా ఇది బాగుపడకపోవడం పెద్ద లోటు. చాలాకాలం కబుర్లయ్యాక ఆవిడ, "ఒకసారి వాయిస్‌లోకి రా తమ్ముడూ, నీ గొంతు వింటాను" అంది. అప్పుడు చెప్పాను. "ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అంది. "అవసరం పడలేదక్కా" అన్నాను. ఆ తర్వాత నా బొమ్మకు కూడా ఒక చెవి మిషన్ తగిలించాను. అలా బయటపెట్టుకోవాలా వద్దా అన్నది మన ఇష్టం కావడమే ఇక్కడి సౌఖ్యం. ఆఫీసులో ఆ ఇష్టం లేదు.

కరోనా రోజుల్లో దీని విలువ ఇంకా తెలిసింది. మాస్కులు వచ్చి పెదాలు కనిపించకుండా పోయాయి. పాల ప్యాకెట్ దగ్గర కూడా టెన్షనే. ఇంట్లో లాగిన్ అయితే మాత్రం మాటకు మాట చెప్పగలిగేవాణ్ణి.

లోపాలు బోలెడు. మొదటి వారం నడవడం, కూర్చోవడం నేర్చుకోవడానికే సరిపోతుంది. పాత కంప్యూటర్లో నత్తనడక. స్థలం ఖరీదు. ఒకప్పుడు పూర్తి దీవికి నెలకు 295 డాలర్లు కట్టాల్సి వచ్చేది. విద్యాసంస్థలకు సగానికి సగం ఉన్న రాయితీని 2011 జనవరి నుంచి తీసేశారు, 2013లో తిరిగి ఇచ్చారు. ఈలోగా చాలా కాలేజీలు సర్దుకుని ఇలాంటి లోకాన్నే సొంతంగా కట్టుకోనిచ్చే ఓపెన్‌సిమ్యులేటర్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ల వైపు వెళ్ళిపోయాయి. పాత లింకు నొక్కితే ఆ చోటే లేకపోవడం మామూలే. పెద్దలకు మాత్రమే అన్న ప్రాంతాలు కూడా ఉన్నాయి కాబట్టి బడి పిల్లల్ని ఇందులోకి తీసుకెళ్ళాలనుకునే టీచర్లకు నేను వద్దనే చెబుతాను. ఓపెన్‌సిమ్యులేటర్‌ను సొంత కంప్యూటర్ మీద, బయటి ఇంటర్నెట్ లేకుండా కూడా నడుపుకోవచ్చు. బధిరుల పాఠశాలలకు అదే నయం.

పెద్దవాళ్ళు చూడాలనుకుంటే ఖాతా ఉచితం. గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్ అయితే మేలు. ఫైర్‌స్టార్మ్ వ్యూయర్ వేసుకోండి. చూపు లేని స్నేహితులుంటే రాడెగాస్ట్ అనే వ్యూయర్ గురించి చెప్పండి. అది బొమ్మలు అక్కర్లేకుండా అక్షరాల్లోనే నడుస్తుంది. మొదట వర్చువల్ ఎబిలిటీ దీవికే వెళ్ళండి, కొత్తవాళ్ళకు అడుగడుగునా బోర్డులు రాసి ఉంటాయి. సభల వేళలు అమెరికా పశ్చిమ తీరం గడియారం ప్రకారం ఇస్తారు. మనకు వాళ్ళకన్నా వేసవిలో పన్నెండున్నర గంటలు, చలికాలంలో పదమూడున్నర గంటలు ముందు. అక్కడ సాయంత్రం ఆరు అంటే ఇక్కడ పొద్దున్న ఆరున్నరో ఏడున్నరో, కాబట్టి ఆఫీసుకు బయల్దేరేలోపు ఒక సభ చూసేయొచ్చు.