జీఐ నల్లా పైపు మార్పించుకున్నాక: కొన్ని వేసవుల అనుభవం

వరంగల్ గిర్మాజీపేటలోని మా ఇంటికి వీధి లైన్ నుంచి వచ్చే పాత జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) పైపును తీయించి, నీలం రంగు ఎండీపీఈ (ఒక రకం ప్లాస్టిక్) పైపు వేయించుకుని కొన్ని వేసవులు గడిచాయి. నాకు అన్నిటికంటే సంతోషం కలిగించినది ఒక్కటే: నల్లా వదిలిన వేళ మోటరు సాయం లేకుండానే సంపులోకి నీరు ధారగా పడుతోంది. వీధి లైనుకు నేరుగా మోటరు బిగించి లాగితే లైనులో పీడనం పడిపోతుంది, పగుళ్లున్న చోట మోరీ నీరు లోపలికి చేరుతుంది, గల్లీ చివరి ఇళ్లకు చుక్క అందదు. ఆ అవసరం లేకుండా నీళ్లు పట్టుకోగలగడం నాకు చాలా పెద్ద విషయం.

పాత పైపును కోసి చూస్తే అర అంగుళం రంధ్రంలో తుప్పు గడ్డకట్టి, పెన్సిలు దూరేంత సందు మాత్రమే మిగిలి ఉంది. లోపలి వ్యాసం సగానికి తగ్గితే, అదే పీడనం వద్ద ప్రవాహం సుమారు ఆరో వంతుకు పడిపోతుంది. అంతకుముందు కంప్రెసర్ గాలి కొట్టిస్తే కొద్ది రోజులు ధార పెరిగి, తుప్పు పెళ్లలు ఊడివచ్చి మళ్లీ అడ్డుపడేవి. పైపు సీసం (లెడ్) లోహంతో చేసినదైతే ఆ ప్రయత్నమే చేయకూడదు. లోపల పేరుకున్న పొర చెదిరితే సీసం నీటిలో కలుస్తుంది. మన తాగునీటి ప్రమాణం దానికి లీటరుకు 0.01 మిల్లీగ్రాముకు మించి అనుమతించదు.

కొనేముందు తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. ఎండీపీఈ పైపుకు చెప్పే కొలత బయటి వ్యాసానిది, జీఐకి చెప్పేది దాదాపు లోపలి వ్యాసం. అందువల్ల 20 ఎంఎం నీలం పైపు అంటే లోపల పాత అర అంగుళం పైపు ఉన్నంతే ఉంటుంది. నేను 25 ఎంఎం వేయించాను.

అయినా మొదటిసారి నల్లా వచ్చినప్పుడు ధార కొంచెమే పెరిగింది. పైపు కొత్తది, అతుకులు కొత్తవి, నీరు మాత్రం పాత తీరుగానే వస్తోంది. పని చేసిన పెద్దాయన నిదానంగా అన్నీ చూసి, రోడ్డు మీద వీధి లైనుకు మా పైపు కలిసే చోట ఉండే ఫెర్రూల్ అనే చిన్న ముక్కను చూడాలన్నారు. అది కార్పొరేషన్ లైను మీదిది కాబట్టి అనుమతి తీసుకుని, వాళ్ల సిబ్బందే వచ్చి తవ్వాక తెలిసింది: పాత ఇత్తడి ఫెర్రూల్ రంధ్రం తుప్పుతో, ఇసుకతో దాదాపు మూసుకుపోయి ఉంది. ఆ ఒక్క ముక్క మార్చగానే, నాలుగు నిమిషాలకు నిండే బకెట్ నిమిషం లోపలే నిండింది. మా వీధిలో పైపు మార్పించుకునేవారందరికీ నేను చెప్పేది, ఫెర్రూల్ కూడా అదే తవ్వకంలో మార్పించండి అనే. లేకపోతే రోడ్డు రెండుసార్లు తవ్వించాలి.

ఇంత మెచ్చుకున్నాక చెప్పవలసిన ఇబ్బంది కూడా ఉంది. మా పాత ఇంట్లో కరెంటు ఎర్తింగ్ తీగను ఆ ఇనుప పైపుకే చుట్టి ఉంచారు. ప్లాస్టిక్ పైపు వచ్చాక ఎర్తింగ్ పోయింది. ఒకరోజు ఫ్రిజ్ తలుపు పట్టుకున్న నా భార్యకు షాక్ కొట్టింది. ప్రాణాపాయం తప్పింది గానీ, వేరే ఎర్తింగ్ గుంత తవ్వించిన ఖర్చు పైపు ఖర్చుతో కలిపి లెక్కవేసుకోవాలి. నీలం పైపు ఎండను కూడా తట్టుకోదు; గోడ పక్కన బయటికి కనిపించే భాగాన్ని కప్పించాను.

మా ఇల్లు గల్లీ మధ్యలో, కొంచెం పల్లంలో ఉంది. సంపు నేలలోపల ఉంది. అందుకే ఈ ఫలితం మాకు వచ్చిందని అనుకుంటాను. ఎత్తు మీద, లైను చివర ఉన్నవారికి ఇంతే ధార వస్తుందని చెప్పలేను. ధర్మసాగర్ జలాశయం నుంచి వచ్చే నీటి పీడనం తగ్గిన రోజుల్లో మాకూ ధార సన్నబడుతుంది. పైపు మార్చేముందు నల్లా వదిలిన వేళ పక్కింట్లో బకెట్ ఎంతసేపటికి నిండుతుందో చూడండి. అక్కడా ధార సన్నగానే ఉంటే లోపం వీధి లైనులోనే ఉండవచ్చు.