పాత చౌక సినిమాలు: వేళాకోళపు వ్యాఖ్యానంతో చూడాలా, శుభ్రపరచిన ప్రతిలో చూడాలా?

అమెరికాలో 1930ల నుంచి 1970ల దాకా తక్కువ డబ్బుతో చుట్టేసి, భయాన్నో శృంగారాన్నో రక్తపాతాన్నో ఎరగా చూపి అమ్ముకున్న ఎక్స్‌ప్లాయిటేషన్ చిత్రాల మీద కొత్తగా ఆసక్తి పుట్టినవారు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. వీటిని పక్కనుంచి ఛలోక్తులు విసిరే కార్యక్రమాల్లో చూడడం మేలా, లేక మిగిలిన నెగెటివ్ నుంచో ఉన్నంతలో మంచి ప్రింటు నుంచో శుభ్రపరచి విడుదల చేసిన బ్లూరేల్లో చూడడం మేలా అన్నది ఆ ప్రశ్న. రెండింటికీ గట్టి అభిమానులున్నారు, ఇద్దరి వాదనలోనూ పస ఉంది.

ముందుగా వ్యాఖ్యానానికి దక్కవలసిన గౌరవం దక్కాలి. 1988లో మినియాపొలిస్‌లోని ఒక స్థానిక టీవీ కేంద్రంలో మొదలైన ‘మిస్టరీ సైన్స్ థియేటర్ 3000’లో తెర అడుగున ఒక మనిషి, రెండు రోబో బొమ్మల నీడలు కూర్చుని సినిమా నడిచినంతసేపూ మాటలు రువ్వుతుంటాయి. ఆ నీడలు లేకపోతే ‘మానోస్: ది హ్యాండ్స్ ఆఫ్ ఫేట్’ అనే చిత్రం పేరు ఈ రోజు ఎవరికీ తెలిసేది కాదు. టెక్సస్‌లోని ఎల్ పాసోలో హెరాల్డ్ వారెన్ అనే ఎరువుల వ్యాపారి 1966లో సుమారు 19 వేల డాలర్లతో తీసిన చిత్రమది. కీ ఇచ్చి తిప్పే 16 ఎం.ఎం. కెమెరా ఒక విడతకు 32 సెకన్లకు మించి తీయలేకపోయేది, శబ్దం అసలే పట్టేది కాదు. అందువల్ల అందరి మాటలనూ తరువాత కొద్దిమందే పలికి అతికించారు. కథానాయిక ప్రశ్నకు ఇంకెవరో జవాబిస్తున్నా గొంతు అదే అనిపించడానికి కారణం ఇదే. విడుదలైన కొద్దికాలానికే మరుగున పడిన ఈ చిత్రాన్ని 1993లో ఆ కార్యక్రమం ప్రసారం చేశాక దానికి కల్ట్ హోదా వచ్చింది. కార్లలో కూర్చునే చూసే డ్రైవ్-ఇన్ థియేటర్లలో హారన్ల మధ్య, న్యూయార్క్ 42వ వీధి చౌక హాళ్లలో ప్రేక్షకుల అరుపుల మధ్య ఆడిన ఇలాంటి చిత్రాలను గుడిలో కూర్చున్నట్టు చూడనక్కరలేదు అన్న మాటలో న్యాయం ఉంది.

అయినా నా దృష్టిలో తూకాన్ని తేల్చే అంశం వేరే ఉంది. తెర మీద కనిపిస్తున్న లోపం తీసినవాడిదా, లేక ఆ తరువాత చేతులు మారిన ప్రతిదా అన్నది ప్రేక్షకుడికి విడిగా తెలియాలి. చౌక సినిమా మీద ఇష్టం పుట్టేదే ఆ మనిషి చేతిలో డబ్బు లేక, సమయం లేక చేసిన పనిని పోల్చుకోవడం నుంచి. ఎడ్ వుడ్ తీసిన ‘ప్లాన్ 9 ఫ్రమ్ ఔటర్ స్పేస్’నే తీసుకోండి. అందులోని నటుడు బేలా లుగోసి 1956లో మరణించడంతో, అప్పటికి తీసి ఉంచిన కొద్దిపాటి దృశ్యాలు పోగా మిగతావాటికి వుడ్ భార్యకు తెలిసిన కైరోప్రాక్టర్ (వెన్నెముకను సవరించే వైద్యుడు) ఒకాయన్ని పెట్టి, భుజాల మీది కేప్‌ను మొహానికి అడ్డంగా పట్టించి నడిపించారు. ఆయన లుగోసి కన్నా పొడవు, పోలికలు ఏమాత్రం లేవు. ఇది నూటికి నూరుపాళ్లూ దర్శకుడి తెగింపు. దాన్ని చూసి నవ్వినా, మెచ్చుకున్నా ఆ ఫలితం ఆయనకే చెందుతుంది. అయితే అదే సినిమా థియేటర్లో పైనా కిందా కత్తిరించి వెడల్పుగా చూపడానికి ఉద్దేశించినది కాగా, టీవీలో, వీడియో క్యాసెట్లలో పూర్తి ఫ్రేమును కత్తిరింపు లేకుండా వదిలేయడంతో, తెర బయట ఉండిపోవలసిన సరంజామా కొంత లోపలికి వచ్చింది. దశాబ్దాల తరబడి జనం నవ్విన ‘తప్పుల్లో’ కొన్ని వుడ్ ఖాతాలో వేయవలసినవి కావు. ప్రపంచంలోకెల్లా చెత్త సినిమా అని 1980లో దానికి అంటించిన బిరుదు వెనుక ఆ ప్రతుల పాత్ర కూడా ఉందని నేననుకుంటాను.

మానోస్ సంగతీ అంతే. ఏళ్ల తరబడి మనం చూసింది బురదలో ముంచి తీసినట్టుండే టీవీ ప్రతి. 2011లో దాని 16 ఎం.ఎం. వర్క్‌ప్రింటు (కూర్పు కోసం వాడిన తొలి ప్రతి) బయటపడి, చందాలతో శుభ్రపడి, 2015లో బ్లూరేగా వచ్చింది. అందులో ఎడారి వెలుగు, దుస్తుల రంగులు కనిపిస్తాయి. అలాగని సినిమా మంచిదైపోలేదు. ఒక షాట్ మొదట్లో క్లాప్‌బోర్డు ఇంకా తెర మీదే ఉంటుంది; రాత్రి దృశ్యాల్లో లైట్లకు ఆశపడ్డ పురుగులు నటుల మొహాల చుట్టూ తిరుగుతుంటాయి, ఇప్పుడవి మరింత స్పష్టంగా తిరుగుతుంటాయి. వారెన్ చేతకానితనం వారెన్‌కు, కాలం చేసిన పాడు కాలానికి చెందేటట్టు లెక్క తేల్చి ఇచ్చింది ఆ బ్లూరేయే.

వ్యాఖ్యాన కార్యక్రమాలకు మరో చిక్కు కూడా ఉంది. ప్రసార సమయానికి సరిపెట్టడానికీ, టీవీ మర్యాదకూ అవి సినిమాను కోస్తాయి. 1969 నాటి మోటార్‌సైకిల్ చిత్రం ‘ది సైడ్‌హ్యాకర్స్’ను తీసుకున్నాక, అందులో కథానాయికపై అత్యాచారం, హత్య ఉన్నాయని ‘మిస్టరీ సైన్స్ థియేటర్’ బృందానికి ఆలస్యంగా తెలిసింది. ఆ ఘట్టాన్ని తీసేస్తే ఆమె కథలోంచి హఠాత్తుగా మాయమవుతుంది కాబట్టి, ఆమె చనిపోయిందని ఒక బొమ్మ చేతనే ప్రేక్షకులకు చెప్పించవలసి వచ్చింది. ఆ తరువాత సినిమాను మొత్తం చూడకుండా ఎంచుకోకూడదని వారు నియమం పెట్టుకున్నారు. ఆ దృశ్యంపై ఛలోక్తులు వేయకపోవడం సరైన పనే. కానీ ఈ చిత్రాల్లో కొన్నింటి వ్యాపారమే క్రూరత్వమన్న నిజం వ్యాఖ్యాన ప్రతిలో కనిపించకుండా పోతుంది. నవ్వించే భాగాలు మాత్రమే మిగిలి, ఎక్స్‌ప్లాయిటేషన్ అంటే అమాయకపు కార్డ్‌బోర్డు సెట్లేనని పొరబడే వీలుంటుంది.

మాటలు అసలే మోయలేని చిత్రాలు ఇంకొన్ని. కాన్సస్‌లోని లారెన్స్‌లో విద్యా, పారిశ్రామిక లఘుచిత్రాలు తీసుకునే హెర్క్ హార్వే సుమారు 33 వేల డాలర్లతో తీసిన ‘కార్నివాల్ ఆఫ్ సోల్స్’ (1962) అలాంటిది. సాల్ట్‌లేక్ సిటీ దగ్గర పాడుబడిన సాల్టేర్ విహారశాలను చూసిన మీదట ఆయనకు ఆ కథ ఆలోచన తట్టింది. ఖాళీ హాలులో నాయిక అడుగులు, ఆర్గన్ మోత, ఆ పైన చుట్టుపక్కల శబ్దాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయే ఘట్టాలు: సినిమా అంటే ఇవే. ఆ నిశ్శబ్దంలో ఎంత తెలివైన ఛలోక్తి పడినా సినిమా అక్కడితో ఆగిపోతుంది.

బ్లూరే తిరిగి ఇవ్వలేనిది కూడా ఉంది, దాన్ని దాచను. క్రోగర్ బాబ్ అనే ప్రదర్శన వ్యాపారి 1945 నుంచి ఊరూరా తిప్పిన లైంగిక ఆరోగ్య చిత్రం ‘మామ్ అండ్ డాడ్’కు ఆడవారికి వేరు, మగవారికి వేరు ఆటలుండేవి, సినిమా మధ్యలో ఆపి, ‘ఎలియట్ ఫోర్బ్స్’ అన్న ఒకే కల్పిత పేరుతో రకరకాల మనుషులు ఆరోగ్యోపన్యాసం ఇచ్చి పుస్తకాలు అమ్మేవారు. అసలు ప్రదర్శన అదే. రీలు దానికి సాకు మాత్రమే. ఎంత శుభ్రపరచినా ఆ బేరం డిస్క్‌లోకి ఎక్కదు. ఆ లోటును అరిగిన ప్రింటు మీది గీతలతో పూడ్చవచ్చన్న భ్రమ మాత్రం నాకు లేదు. ఆ పాత చిత్రాలను అనుకరిస్తూ 2007లో వచ్చిన ‘గ్రైండ్‌హౌస్’ తెచ్చిపెట్టుకున్న గీతలతో, ‘రీలు పోయింది’ అన్న కార్డుతో ముచ్చట తీర్చుకుంది. సరదాగానే ఉంటుంది, కానీ నాటి దర్శకులెవరూ తమ ప్రింటుకు గీతలు పడాలని కోరుకోలేదు.

మిగిలిన మార్గాల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. అర్ధరాత్రి ఆటలో అసలు ప్రింటు చూసే అవకాశం వస్తే వెళ్లండి. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే ప్రతులు రుచి చూడడానికి పనికొస్తాయి, తీర్పు చెప్పడానికి పనికిరావు. పంపిణీదారు పేరు మార్చేటప్పుడు కాపీరైట్ ప్రకటన ఊడిపోవడంతో ‘నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్’ (1968) ఎవరైనా అచ్చువేసుకోదగ్గ సరుకైపోయి, మసకబారిన నకళ్లుగా ఎన్నో ఏళ్లు తిరిగింది. అసలు నెగెటివ్ నుంచి 2016లో పునరుద్ధరించిన ప్రతి చూశాక ఆ నకళ్ల జోలికి పోబుద్ధి కాదు.

కాబట్టి మొదటిసారి శుభ్రపరచిన ప్రతి, రెండోసారి వ్యాఖ్యానం అన్నదే నేను చెప్పే వరుస. ‘రీఫర్ మ్యాడ్‌నెస్’ విషయంలో మాత్రం ఈ వరుసను తిరగేస్తాను. గంజాయి గురించి తల్లిదండ్రులను హెచ్చరించడానికి 1936లో తీసిన ఆ చిత్రాన్ని డ్వేన్ ఎస్పర్ అనే ఎక్స్‌ప్లాయిటేషన్ చిత్రాల వ్యాపారి కొని, మార్చి, ఎక్స్‌ప్లాయిటేషన్ సరుకుగా తిప్పాడు. 1970లలో గంజాయిని చట్టబద్ధం చేయాలన్నవారే దాన్ని వెలికితీసి, కళాశాలల్లో నవ్వుకోవడానికి ఆడించారు. దానికి పేరు తెచ్చింది హాలు నిండిన ఆ నవ్వే గనుక, ఒంటరిగా మంచి ప్రతిలో చూస్తే మిగిలేది నటులు కళ్లు పెద్దవి చేసి ఆడిన నీతిపాఠం మాత్రమే.