నాలుగేళ్లుగా వాడుతున్న మాత్రలు: మొటిమలకు త్వరగా, గడ్డం కింద వెంట్రుకలకు నిదానంగా

నాకు పీసీఓఎస్ ఉంది, అంటే హార్మోన్ల తేడా వల్ల నెలసరి తప్పడం, మొటిమలు, అవాంఛిత రోమాలు వచ్చే సమస్య. గడ్డం కింద, దవడల పక్కన నల్లగా, బిరుసుగా వెంట్రుకలు వచ్చేవి. హ్యాండ్‌బ్యాగులో ప్లక్కర్ లేకుండా గడప దాటేదాన్ని కాదు.

డాక్టరమ్మ మొదట రాసింది గర్భనిరోధక మాత్ర, డ్రోస్పైరినోన్ అనే హార్మోన్ ఉన్నది. పేరు వినగానే అమ్మ కంగారుపడింది. నిజానికి ఇది అండాశయాల్లో ఆండ్రోజెన్ల (టెస్టోస్టెరాన్ లాంటి మగ హార్మోన్ల) తయారీని తగ్గిస్తుంది. లివర్‌లో ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రొటీన్‌ను పెంచి, రక్తంలో తిరిగే టెస్టోస్టెరాన్‌ను కట్టేసి ఉంచుతుంది కూడా. మొదలుపెట్టే ముందు బీపీ చూసి, మైగ్రేన్ ఉందా, ఇంట్లో ఎవరికైనా రక్తం గడ్డకట్టిందా, సిగరెట్ అలవాటుందా అని అడిగారు. ఇవేవీ అడక్కుండా ఎవరైనా రాసిస్తే మీరే చెప్పండి.

నెలసరి వెంటనే దారిలో పడింది. మూడో నెలకి మొటిమలు తగ్గాయి. వెంట్రుకలు మాత్రం ఆరు నెలలైనా కదల్లేదు. అప్పుడు స్పైరనోలాక్టోన్ కలిపారు, ముందు 50 మిల్లీగ్రాములు, తర్వాత 100. ఇది అసలు బీపీకి, ఒంట్లో నీరు తగ్గడానికి వాడే మందు. ఆండ్రోజెన్ వెంట్రుక కుదురు మీద పని చేయకుండా అడ్డుపడుతుంది. మొదటి నెలంతా బాత్రూమ్‌కి తిరగడమే, గబుక్కున లేస్తే కళ్లు తిరిగేవి. రెండు మందులూ పొటాషియం పెంచగలవు కాబట్టి రక్తపరీక్షలు తప్పలేదు.

తేడా తెలిసింది దాదాపు ఏడాదికి. రోజూ పీకాల్సినవి వారానికోసారికి వచ్చాయి, సన్నబడ్డాయి కూడా. అప్పటికే ముదిరిన వెంట్రుకలు మాత్రం మాత్రలతో రాలిపోవు. ఆ ముక్క నాకు ముందే ఎవరూ చెప్పలేదు. వాటికి లేజరే దిక్కయింది. షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ కూడా కొన్నాళ్లు వాడాను, వెంట్రుకల విషయంలో దానివల్ల నాకేమీ ఒరగలేదు.

మధ్యలో విసుగొచ్చి అన్నీ మానేశాను. ఎనిమిది నెలలు తిరిగేసరికి కథ మొదటికొచ్చింది. మళ్లీ మొదలుపెట్టాక ఫలితం కోసం మళ్లీ అంతే ఎదురుచూపు.

ఇప్పుడు పిల్లల గురించి ఆలోచిస్తున్నాం. కడుపులో ఉన్నది మగబిడ్డ అయితే స్పైరనోలాక్టోన్ వల్ల జననాంగాల ఎదుగుదల దెబ్బతినే ప్రమాదముంది. అందుకే గర్భనిరోధక మాత్ర ఆపడానికి ముందే దీన్ని ఆపాలని డాక్టరమ్మ గట్టిగా చెప్పారు. వచ్చే నెల నుంచి ఆపుతున్నాను. లేజర్ కూడా గర్భం వచ్చేదాకానే, తర్వాత మళ్లీ ప్లక్కరే.