30 హెచ్‌పీ ఐఈ3 మోటారు: నెల్లూరు రైసు మిల్లులో దేనికి కొనాలి, దేనికి వైండింగే చాలు

మార్చి, ఏప్రిల్‌లో ధాన్యం బస్తాలు గేటు దాకా పేరుకున్నప్పుడు మోటారు కాలితే ఎవరైనా చేసేది ఒకటే. వైండింగ్ షాపుకి పంపి, రెండు రోజుల్లో తెచ్చి బిగిస్తారు. అప్పటికది సరే. కానీ ఆ మోటారు ఆ తర్వాత ఏళ్ల తరబడి తినే కరెంటు ముందు వైండింగ్‌లో మిగిలిన డబ్బు చాలా చిన్నది. అందుకే వైండింగా, కరెంటు తక్కువ తినే కొత్త ఐఈ3 మోటారా అనే లెక్క సీజన్‌కి ముందో, ఎడగారు (రెండో పంట) ధాన్యం రాకముందో వేసి పెట్టుకోవాలి. ఐఈ అంటే మోటారు సామర్థ్యపు తరగతి, అంకె పెరిగితే వృథా తక్కువ.

22 కిలోవాట్ల (30 హెచ్‌పీ), 4 పోల్ మోటారుకి ఫుల్ లోడ్ సామర్థ్యం ఐఈ1లో 89.9 శాతం, ఐఈ2లో 91.6, ఐఈ3లో 93.0. నేమ్ ప్లేట్ మీద ఐఈ గుర్తే లేని పాత మోటారుని ఐఈ1 కింద లెక్కేయండి. రెండుసార్లు వైండింగ్ అయిందంటే 88 అనుకోవడం మంచిది. బియ్యం పాలిష్ పట్టే వైట్నర్ మీద ముప్పాతిక లోడ్, అంటే షాఫ్ట్ దగ్గర 16.5 కిలోవాట్లు పడుతోందనుకుందాం. 88 లెక్కన పాతది లైను నుంచి 18.75 కిలోవాట్లు లాగుతుంది, ఐఈ3 అయితే 17.74. తేడా ఒక కిలోవాట్. ఏడాదికి 4,000 గంటలు తిరిగే మిల్లులో 4,000 యూనిట్లు. యూనిట్ 7 రూపాయలు వేసుకున్నా 28,000. కొత్త మోటారుకి మీకొచ్చిన కొటేషన్‌లోంచి వైండింగ్ ఖర్చు తీసేసి, మిగిలినదాన్ని దీంతో భాగించండి. మూడేళ్ల లోపు తేలితే కొనండి. ఏడాదికి 1,000 గంటలే తిరిగే మిషనుకి మిగిలేది 7,000 రూపాయలే కాబట్టి అక్కడ వైండింగే నయం.

2 హెచ్‌పీ లాంటి చిన్న మోటార్ల సంగతి వేరు. సామర్థ్యం ఐఈ1లో 77.2 శాతమైతే ఐఈ3లో 85.3. ధాన్యాన్ని పైకెత్తుతూ రోజంతా తిరిగే ఎలివేటర్ మీద అలాంటిది కాలితే వైండింగ్ కట్టించడం దండగని మా అభిప్రాయం.

ఇక ఐఈ3లో మాకు నచ్చనిది, అమ్మేవాళ్లు చెప్పనిది దాని వేగం. స్లిప్, అంటే లోడ్ మీద వేగం తగ్గడం, తక్కువ కాబట్టి పాతది నిమిషానికి 1,455 చుట్లు తిరిగే చోట ఇది 1,475 దాకా తిరగొచ్చు. ఎలివేటర్‌కి దాంతో పెద్ద పేచీ లేదు. ఊక లాగే బ్లోయర్‌కి మాత్రం పేచీయే. ఫ్యాన్ తీసుకునే పవర్ వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, వేగం 1.4 శాతం పెరిగితే లోడ్ 4 శాతం పైనే పెరుగుతుంది. పైన మిగిలిన కిలోవాట్‌లో ముప్పావు వంతు అక్కడే పోతుంది. పైగా గాలి ఎక్కువై ఊకతో పాటు గింజ కూడా కొట్టుకుపోతుంది. మోటారు పుల్లీని 200 మి.మీ. నుంచి 197కి తగ్గిస్తే సరిపోతుంది. పుల్లీ మార్చకుండా బ్లోయర్‌కి ఐఈ3 పెట్టి, బిల్లు తగ్గలేదంటే ఆ తప్పు మోటారుది కాదు.

బిగించే ముందు టేపు పట్టుకుని కొలవండి. 180ఎల్ ఫ్రేమ్ అయితే షాఫ్ట్ ఎత్తు 180, కాళ్ల బోల్టు రంధ్రాల మధ్య దూరం రెండు వైపులా 279, షాఫ్ట్ 48 మి.మీ. చాలా పాత మోటార్లకి ఇవి కలవవు, అప్పుడు బేస్ ప్లేట్ కొత్తగా చేయించాలి. ఐఈ3 బాడీ కాస్త పొడుగు కూడా ఉండొచ్చు కాబట్టి వెనక ఫ్యాన్ కవరుకీ గోడకీ మధ్య జాగా చూడండి. స్టార్టింగ్‌లో కరెంటు ఎక్కువ లాగుతుంది కనుక పాత ఎంసీసీబీ (మెయిన్ బ్రేకరు) ఊరికే ట్రిప్ అవచ్చు. స్టార్ డెల్టా స్టార్టరులో ఓవర్ లోడ్ రిలే వైండింగ్ ఫేజు దారిలో ఉంటే ఫుల్ లోడ్ ఆంప్స్‌ని 0.58తో గుణించి సెట్ చేయాలి. 40 ఆంప్స్‌కి 23. అక్కడ 40 పెట్టేస్తే మోటారుకి రక్షణ లేనట్టే.

వైండింగే కట్టిస్తున్నారా? పాత కాయిల్ ఊడదీయడానికి స్టాటర్‌ని గ్యాస్ మంట మీద కాల్చే షాపుకి ఇవ్వకండి. రేకుల మధ్య ఇన్సులేషన్ మాడి, ఐరన్ లాస్ పెరిగి, ఖాళీగా తిరిగినా మోటారు వేడెక్కుతుంది. ఉష్ణోగ్రత 350 డిగ్రీల దగ్గర నిలబెట్టే ఓవెన్ ఉన్న షాపు కాస్త దూరమైనా అక్కడికే పంపండి. చుట్ల సంఖ్య, తీగ గేజి పాతవే ఉండాలి. తిరిగొచ్చాక టాంగ్ టెస్టర్‌తో (తీగ చుట్టూ పట్టి ఆంప్స్ చూపే మీటరు) నో లోడ్ ఆంప్స్ మూడు ఫేజుల్లో చూడండి. కాలకముందు రాసిపెట్టుకున్న అంకె కంటే బాగా ఎక్కువుంటే వెనక్కి పంపండి. ఇన్సులేషన్ కొలిచే 500 వోల్టుల మెగ్గర్‌లో 100 మెగోమ్‌లు దాటాలి.

ఏది చేసినా కాలిన కాయిల్‌ని ఒకసారి కళ్లతో చూడండి. డెల్టాలో ఒక్క ఫేజే నల్లబడిందంటే లైనులో ఒక ఫేజు పోయి కాలింది. సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ పెట్టకపోతే కొత్త ఐఈ3 కూడా అలాగే పోతుంది. మూడూ సమానంగా మాడితే ఓవర్ లోడో, గాలి ఆడకపోవడమో. తవుడులో నూనె ఉంటుంది కాబట్టి ఆ దుమ్ము బాడీ రెక్కల సందుల్లో పిడచకట్టి, చీపురు దులుపుడుకి రాదు. వారానికోసారి మెయిన్ ఆపి, గీకి తీయించాలి.