కామెంట్లు దిగని డౌన్‌లోడ్: క్లైంబింగ్ యాప్‌తో నాలుగేళ్లు

రాక్ క్లైంబింగ్‌కి చోట్లు వెతికే ఈ యాప్‌ని నాలుగేళ్లుగా డబ్బు కట్టి వాడుతున్నాను. పేరు చెప్పను. చెబితే మాటలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. మీరు వాడేదాంట్లో కూడా ఇదే లోపం ఉందేమో ఒకసారి చూసుకోండి, అంతే.

నా ఉద్యోగం గురించి రెండు ముక్కలు. కొత్త యంత్రాలు బిగించి, నడిపించి, అప్పగించి రావడం నా పని. ఒక్కో చోట ఆరు వారాల నుంచి మూడు నెలల దాకా. వారానికి ఒక్కరోజు సెలవు. ఆ ఊళ్లో నాకు ఎవరూ తెలియదు, సొంత బండి ఉండదు. సూట్‌కేసులో సగం చోటు నడుముకి కట్టుకునే హార్నెస్‌కి, షూస్‌కి, 60 మీటర్ల తాడుకి పోతుంది. తాడు ఒక్కటే దాదాపు నాలుగు కిలోలు. 70 మీటర్లది ఎందుకు మోయవు అని అడిగేవాళ్లకు జవాబు ఆ బరువే. ముందే చెబుతున్నాను, ఎందుకంటే కథంతా ఆ పది మీటర్ల తేడాలోనే ఉంది.

మొదటి ఏడాది నేను ఈ యాప్‌ని ఆకాశానికి ఎత్తేశాను. ఎండ ఏ పూట ఏ గోడ మీద పడుతుందో చూసి, మధ్యాహ్నం నీడ ఉండే చోట్లు మాత్రమే చూపిస్తుంది. గ్రేడ్లు, అంటే ఎక్కడం ఎంత కష్టమో చెప్పే అంకెలు, ఒక దేశం లెక్క నుంచి ఇంకో దేశం లెక్కలోకి మార్చి చూపిస్తుంది. ఒక దేశంలో 18 అంటారు, ఇంకో దేశంలో 5.10ఎ అంటారు, మరో చోట 6ఎ అంటారు. మూడూ ఇంచుమించు ఒకటే కష్టం. కొత్త చోటికి వెళ్లినప్పుడు ఈ లెక్క తల్లో వేసుకోనక్కర్లేదు. కాకపోతే మారేది అంకె ఒక్కటే. పాతకాలంలో కష్టమైనవాటికి కూడా తక్కువ గ్రేడ్లు వేసిన గోడ దగ్గర 6ఎ చూసి వెళ్లి, తాడు తగిలించడానికి గోడకి బిగించిన బోల్టుల్లో మూడోదాని దగ్గరే చేతులు వణికిన రోజులున్నాయి. ఇక జతగాళ్లను వెతికే పేజీ ఉందే, దాన్ని అప్పట్లో తెగ మెచ్చుకున్నాను. నిజం చెప్పాలంటే పది మందికి రాస్తే ముగ్గురు జవాబిస్తారు, వాళ్లలో ఒక్కరు వస్తారు. నాకు మంచి జతగాళ్లు దొరికింది ఎక్కువగా హాలు లోపల కట్టిన ఇండోర్ క్లైంబింగ్ గోడల దగ్గర, నోటీసు బోర్డు మీద కాగితం అంటించి.

అయినా నేను ఈ యాప్‌కి డబ్బు కట్టేది కామెంట్ల కోసం. టోపో, అంటే గోడ మీద ఎక్కే దారుల (రూట్ల) బొమ్మ, గీసినవాడు ఒకసారి గీసి వెళ్లిపోతాడు. కామెంట్ పెట్టేవాడు మొన్న ఎక్కి వచ్చినవాడు. ‘రెండో బోల్టు హ్యాంగర్ (బోల్టుకి బిగించిన రేకు) కదులుతోంది’, ‘తేనెపట్టు ఉంది, ఎడమ వైపు వెళ్లకండి’, ‘గద్దలు గూడు పెట్టాయి, కుడి భాగం మూసేశారు’. ఇసుకరాయి గోడలైతే ఇవి మరీ ముఖ్యం. తడిసిన ఇసుకరాయి బలం తగ్గిపోతుంది, పట్టుకున్న పట్టు చేతికే ఊడి వస్తుంది. పైకి పొడిగా కనిపించినా లోపల తడి ఉంటుంది. వాన పడి ఎన్నాళ్లయిందో, కింది మట్టి ఎలా ఉందో అక్కడివాళ్లు రాస్తేనే బయటి ఊరివాడికి తెలుస్తుంది. కామెంట్లు చూసి బయల్దేరకుండా ఆగిపోయిన ఆదివారాలు నాకు చాలానే ఉన్నాయి.

నా కోపం కూడా ఆ కామెంట్ల గురించే. చోటు మొత్తం డౌన్‌లోడ్ చేసుకుంటే బొమ్మ వస్తుంది, గ్రేడ్ వస్తుంది, పొడవు, బోల్టుల సంఖ్య అన్నీ వస్తాయి. కామెంట్లు మాత్రం రావు. రావని ఎక్కడా రాసి ఉండదు. సిగ్నల్ లేనప్పుడు ఆ చోటు ఖాళీగా కనిపిస్తుంది, అసలు ఎవరూ ఏమీ రాయనట్టు. ఇది నాకు మూడో ఏడాదిలో తెలిసింది, అదీ తాడుకి వేలాడుతూ.

ఆ రోజు ఎక్కిన రూట్ పొడవు యాప్‌లో 25 మీటర్లు. తాడు పైదాకా వెళ్లి మళ్లీ కిందికి రావాలి కాబట్టి సగమే లెక్క. 60 మీటర్ల తాడులో సగం 30. ఎక్కి దిగడానికి బాగానే సరిపోతుంది. జతగా వచ్చినావిడ నాకన్నా పదిహేనేళ్లు పెద్ద. వారం క్రితమే ఇండోర్ గోడ దగ్గర పరిచయం. లోయలో ఫోన్ సిగ్నల్ లేదు. డౌన్‌లోడ్ ఉందిగా అని నాకు ధీమా. టోపోలో 9 బోల్టులు. నా అలవాటు కొద్దీ 12 క్విక్‌డ్రాలు (బోల్టుకి తాడు తగిలించే కొక్కేల జతలు) తగిలించుకుని బయల్దేరాను. తొమ్మిదో బోల్టు దాటాక తల ఎత్తి చూస్తే పైన కొత్తగా మెరుస్తూ ఇంకా మూడు. టోపో గీసినవాడు లెక్క తప్పాడనుకుని ఎక్కేశాను. ఇది నా తప్పు, యాప్ మీదకి నెట్టను. ఇంకో తప్పు కూడా నాదే. తాడు మధ్యలో ఉండాల్సిన నల్ల గుర్తు ఎప్పుడో అరిగిపోయింది, మళ్లీ వేయించుకోలేదు. అది ఉండి ఉంటే, కింద బిలే చేస్తున్న, అంటే నా తాడు పట్టుకుని ఉన్న, ఆవిడ చేతిని ఆ గుర్తు దాటగానే విషయం బయటపడేది.

రూట్ పైచివర దిగడానికి బిగించిన రింగుల్లో, అంటే యాంకర్‌లో, తాడు దూర్చుకుని, క్విక్‌డ్రాలు ఒక్కొక్కటే తీసుకుంటూ దిగుతున్నాను. మూడో బోల్టు కళ్ల ఎదురుగా వచ్చేసరికి తాడు టక్కున ఆగింది. కింద ఆవిడ రెండు చేతులూ పైకెత్తి చూపిస్తోంది. తాడు చివర వేసిన ముడి బిలే పరికరానికి వచ్చి తగిలింది. ఇక తాడు లేదు. నా కాళ్ల కింద దాదాపు ఏడు మీటర్ల గాలి.

ఆ ముడి నేను వేయలేదు. పొద్దున తాడు సంచి విప్పగానే ఆవిడ మాట్లాడుతూనే చివర ముడి వేసేసింది. ‘25 మీటర్లే కదండీ’ అని కూడా అన్నాను. ఆవిడ జవాబు చెప్పలేదు, ముడి మాత్రం విప్పలేదు. అది లేకపోతే తాడు చివర పరికరంలోంచి జారిపోయేది, నేను నేల మీద ఉండేవాణ్ణి.

తర్వాత జరిగింది చెప్పడానికి తేలికే గాని, చేయడానికి దాదాపు అరగంట పట్టింది. స్లింగ్ అనే గట్టి పట్టీతో మూడో బోల్టుకి తగిలించుకున్నాను. బరువంతా దాని మీద పడిందని రెండుసార్లు చూసుకున్నాక కింద బిలే తీసేసి ముడి విప్పమన్నాను. నా చివర హార్నెస్‌కి కట్టి ఉండగానే తాడంతా నా వైపు లాక్కున్నాను. యాంకర్‌లోంచి అది ఒక్కసారిగా నా నెత్తిన పడింది. ఒక లాక్ కారబినర్ (తెరుచుకోకుండా బిగించే కొక్కెం) ఆ బోల్టుకే వదిలి, దాంట్లో తాడు దూర్చి, రెండో బోల్టుకి ఉన్న క్విక్‌డ్రాలో కూడా తగిలించి, మళ్లీ బిలే పెట్టించుకుని దిగాను. ఆ కారబినర్ ఇంకా అక్కడే ఉందేమో.

సాయంత్రం బస చేరాక వైఫైలో అదే పేజీ తెరిచాను. పద్నాలుగు నెలల క్రితం నాటి కామెంట్: యాంకర్ పైకి మార్చారు, ఇప్పుడు 33 మీటర్లు, 70 తాడు తప్పనిసరి. ఆశ్చర్యపోవాల్సింది కూడా ఏమీ లేదు. ఒకప్పుడు అందరి దగ్గరా 50 మీటర్ల తాళ్లే ఎక్కువ, అందుకే పాత యాంకర్లు చాలావరకు 25 మీటర్లలోపు ఉంటాయి. ఇప్పుడు 70, 80 మామూలైపోయాయి. పాత బోల్టులు మార్చేటప్పుడు మిగిలిన మంచి గోడ కూడా కలుపుతూ యాంకర్ పైకి జరుపుతారు. కామెంట్ రాసినవాడు తన పని చేశాడు. పొడవు అంకె మార్చాల్సినవాళ్లు మార్చలేదు. నేను రాశాక పదకొండు రోజులకు మార్చారు. కామెంట్లు డౌన్‌లోడ్‌లో పెట్టమని అడిగితే ‘పరిశీలిస్తాం’ అన్నారు. ఏడాది దాటింది, ఇంకా పరిశీలిస్తూనే ఉన్నారు.

మరి వదిలేశానా అంటే లేదు. వేరేవి రెండు వాడి చూశాను. ఒకదానిలో కామెంట్లు దిగుతాయి గాని, నేను వెళ్లే చోట్లలో రూట్లు సగం కూడా లేవు. శనివారం రాత్రి ఈ యాప్‌లోనే ఒక్కో రూట్ పేజీ తెరిచి కామెంట్లకు స్క్రీన్‌షాట్లు తీసుకుంటున్నాను. చిరాకు పనే, ఇరవై నిమిషాలు పోతాయి. తాడుకి నల్ల గుర్తు వేయించుకున్నాను, ముడి నేనే వేస్తున్నాను.

సొంత ఊళ్లో ఉండి, చుట్టుపక్కల రెండు మూడు గోడలకే వెళ్లేవాళ్లకు దీనికి డబ్బు దండగ. తోటి క్లైంబర్లను అడిగితే సరిపోతుంది. సిగ్నల్ బాగా ఉండే చోట ఎక్కేవాళ్లకు నేను చెప్పిన లోపం తగలకపోవచ్చు. నాలా రెండు నెలలకో ఊరు మారేవాళ్లయితే తీసుకోండి గాని, ఏడాదికి ఒకేసారి కట్టకండి. నేనూ ఈసారి ఒక్క నెలకే కట్టాను. వచ్చే పని ఎక్కడో ఇంకా తేలలేదు. ఎక్కడైనా సరే, సూట్‌కేసులో 70 మీటర్ల తాడు పట్టేలా బూట్ల జత ఒకటి వదిలేద్దామని చూస్తున్నాను.